కంచె చంపినవాడన్న పేరు

కంచెను నేను చంపలేదు. అయినా కాలనీ అంతా నన్ను 'కంచె చంపిన ఎల్లయ్య' అన్నది. చాటున కాదు, ముఖం మీదే అన్నది. పాలు పోయడానికి పోయిన నా భార్య పోచమ్మను గేటు దగ్గర నిలబెట్టి మరీ అన్నది. నా పని నా చేతిలోంచి తీసేసి నన్ను ఇనుప తుక్కు మధ్యకు తోలారు. తీగ పట్టి చస్తున్న కంచెను బతికించడానికి ఒళ్లు హూనం చేసుకున్నవాణ్ని పట్టుకుని చంపినవాడన్నారు. ఇంతకంటే అన్యాయం ఏముంటుందో ఎవరైనా చెప్పండి.

ఇది డెబ్బయిల నాటి సంగతి. ఇప్పుడెందుకు తవ్వుతున్నావని మా ఇంట్లోవాళ్లే అడుగుతారు. మొన్న మాదాపూర్ వైపు పోయాను. ఒక గాజు మేడ ముందు యూనిఫాం తొడుక్కున్న తోటపని వాళ్లు కంచె మీదినుంచి పసుపుపచ్చటి దారం లాంటి తీగను లాగి, పైన ఏమీ కప్పని ట్రాలీలో వేసుకుని పోతున్నారు. ట్రాలీ అంచుల నుంచి పోగులు వేలాడుతున్నాయి. మలుపు తిరిగిన చోటల్లా కొంత రాలుతున్నది. "ఓ బాబూ, ఆపు ఆపు" అని అరిచాను. చెవుల్లో వైర్లు పెట్టుకున్నాడు, వినలేదు. ఆ రోజు ఇంటికి వచ్చి కూర్చుని ఇది మొదలుపెట్టాను. ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్లు చదవాలి. మిగతావాళ్లు చదివినా నాకు అభ్యంతరం లేదు.

ఉస్తాద్ కత్తి ఇవ్వని రోజులు

మాది మూసాపేట. అప్పుడు అక్కడ జొన్నచేలు, సీతాఫలం పొదలు, బర్రెల కొట్టాలు. దగ్గర్లో ఒక పెద్ద సర్కారు కర్మాగారం లేచింది. దాని పక్కన ఉద్యోగుల కోసం కాలనీ కట్టారు. అరవైల చివర్లో నేను ఆ కాలనీలో మాలిగా చేరాను. బడి మెట్లు ఎక్కినవాణ్ని కాదు. ఎరువు సంచుల మీద, విత్తనాల పొట్లాల మీద, వీధుల బోర్డుల మీద అక్షరాలు నేర్చుకున్నాను. నేను కూడబలుక్కుని చదివిన మొదటి మాట 'యూరియా'. నవ్వేవాళ్లు నవ్వండి. ఈ రాత మాత్రం ఎవరి చేతా రాయించుకోలేదు.

నాకు పని నేర్పినవాడు కరీం ఉస్తాద్. పూర్వం నవాబుల దేవిడీ భవంతుల్లో తోటలు చూసిన ముసలాయన. గడ్డం తెలుపు, నోరు మహా కారం. అడవి తీగ ఏదైనా పెరట్లో దూరిందంటే మేము కొడవళ్లు పట్టుకుని ఉరికేవాళ్లం. ఆయన కొడవలి లాక్కునేవాడు.

"పహలే దేఖ్ రే! ముందుగాల సూడు! ఏడ పుట్టింది? ఏడ తాగుతుంది? ఏడికి పోతుంది? మూడు చెప్పు, కత్తి ఇస్తా. చెప్పకపోతే కూసో, బీడీ తాగు."

అట్లా ఎన్నిసార్లు కూర్చున్నానో! పక్క మాలీలు కోసి పారేసి ఇంటికి పోయేవాళ్లు, నేను తీగ ముందర గొంతుక్కూర్చుని దాని మొదలు వెతుక్కునేవాణ్ని. అవమానంగా ఉండేది. కాని వాళ్లు కోసిన తీగలు పదిహేను రోజుల్లో మళ్లీ వచ్చేవి. నేను తీసినవి రాలేదు.

ఒక్క ఉదాహరణ చెబుతాను. కర్మాగారం గెస్ట్‌హౌస్ పెరట్లో గులాబీ రంగు పూల గుత్తులు పూసే తీగ ఒకటి పడింది. చూడడానికి అందంగానే ఉంటుంది. పందిరి దాటి, కప్పు ఎక్కి, పెంకులు ఎత్తి, వాన నీళ్లు గదుల్లోకి తెచ్చింది. ఏటేటా మొదలంటా నరికేవాళ్లు, ఏటేటా రెట్టింపు వచ్చేది. ఉస్తాద్ నన్ను దాని ముందు కూర్చోబెట్టాడు. ఏడ తాగుతుంది? నేల తవ్వి చూశాను. చిలగడదుంపల్లాంటి గడ్డలు, ఒకదాని వెంట ఒకటి గొలుసు కట్టి వరండా కిందికి పోయాయి. గడ్డపార తీసుకుని పెరడంతా తిరగేశాను. గెస్ట్‌హౌస్ చూసే ఆఫీసరు వచ్చి గుంతలు చూసి కేకలు పెట్టాడు.

ఉస్తాద్ కదలలేదు. "గుంతలు పూడుస్తం సాబ్. మీ కప్పు పూడ్చుడు మాతోని కాదు" అన్నాడు.

ఆ తీగ మళ్లీ రాలేదు. ఆ ఆఫీసరు మళ్లీ కేకలు పెట్టలేదు.

దురదగొండి సంగతి కూడా చెప్పాలి. దాని కాయల మీది నూగు ఒంటికి తగిలితే మనిషి మనిషిగా ఉండడు. నా జోడీ మాలి నర్సింహ, ఎండ నడినెత్తిన ఉండగా, లుంగీ ఎగగట్టి, ఎండిన కాయల గుత్తి మీద చెయ్యి వేశాడు. ఉస్తాద్ "వద్దురా" అనే లోపలే అయిపోయింది. వాడు గంతులు వేసుకుంటూ కుంట దాకా ఉరికాడు, వెనక కాలనీ కుక్కలు. పొద్దున్నే, మంచుకు నూగు తడిసి ఉన్నప్పుడు, కాయ ముదరకముందు తీయాలి. ఇది పుస్తకంలో చదివి తెలుసుకోవచ్చు. నర్సింహను చూసిన మాకు పుస్తకం అక్కర లేకపోయింది.

వేరు లేని తీగ

కాలనీ ఇళ్లకు వెనక దొడ్డికి తప్ప ప్రహరీ గోడలు లేవు. ప్రతి ఇంటికీ మిగతా మూడు వైపులా డురాంటా కంచె, నడుం ఎత్తు. నీలం పూలు, పసుపుపచ్చ పండ్ల గుత్తులు. ఆ కంచె వేయించినవారు మా సూపరింటెండెంటు శేషగిరిరావు గారు, కృష్ణ ఒడ్డు నుంచి వచ్చినవారు. ఆయన గురించి ముందు మంచి చెప్పాలి, ఎందుకంటే ఆయనలో ఉన్నది ఎక్కువ మంచే. తాడు పట్టుకుని వంగి, మాతోపాటు గుంత గుంతకూ మొక్క పెట్టారు. ధోవతికి మట్టి అంటితే దులుపుకునేవారు కాదు. ఉద్యోగంలో నేను చూసిన ఆఫీసర్లలో మొక్క పేరు తప్పు చెప్పనివారు ఆయన ఒక్కరే.

ఉస్తాద్ పని మాని కొడుకు దగ్గరికి వెళ్లిపోయిన తర్వాత ఆ తీగ వచ్చింది. ఒక పొద్దున చూస్తే, ఎవరో కంచె మీద పచ్చి సేమ్యా ఆరబోసినట్టుంది. ఆకు లేదు. పట్టి చూస్తే నేలలోకి వేరు లేదు. కొమ్మను చుట్టుకుని, చుట్టిన చోట పళ్లు దించి, చెట్టు రసం తాగి బతుకుతుంది. దాన్నే బంగారుతీగ అంటారు. వేలెడు ముక్క తెగి ఇంకో కొమ్మ మీద పడితే చాలు, అక్కడ మళ్లీ సంసారం పెడుతుంది. చలికాలంలో తెల్లటి చిన్న పూలు పూసి గింజ రాలుస్తుంది. ఆ గింజ మట్టిలో ఏళ్ల తరబడి చావకుండా పడి ఉంటుంది.

శేషగిరిరావు గారు చేతితో లాగి, ఎడ్లబండి మీద వేసి, ఊరి బయటికి తోలమన్నారు. లాగాం, వేశాం, తోలాం. బండికి పైన కప్పు లేదు. మొన్న మాదాపూర్ ట్రాలీకి లేనట్టే. బండి ఏ వీధిలో పోయిందో, ఎక్కడ మలుపు తిరిగిందో నెల తిరిగేసరికి కంచెలు చెప్పాయి. ఆయనే వచ్చి చూసి నెత్తి కొట్టుకున్నారు.

"మనమే చల్లుకుంటూ పోయాం కదయ్యా ఎల్లయ్యా!"

"అవు సార్. విత్తనాలు సల్లినట్టు సల్లినం."

ఇక మిగిలింది ఒకటే దారి. తీగ పట్టిన కంచెను, తీగ దిగిన చోటికి కింద, జానెడు మోడు మాత్రం ఉంచి నరకాలి. నరికింది అక్కడికక్కడే రేకు మీద ఎండబెట్టి కాల్చాలి. డురాంటా మొండి జాతి, మోడు నుంచి చిగురిస్తుంది. తీగకు తాగడానికి ఏమీ ఉండదు. ఆయన ఒప్పుకున్నారు గాని ముఖం చిన్నబోయింది.

"ఎండాకాలంలో కంచె నరికితే జనం నన్ను నరుకుతారయ్యా."

"వానలు పడనియ్యండి సార్. కంచె లేస్తది."

"లేవకపోతే?"

"లేవకపోతే నన్ను నరకుండ్రి."

రెండు వీధులు నరికాం. కాల్చాం. మా లెక్క ప్రకారం అక్కడితో తీగ ఆగాలి. ఆగలేదు. బండి పోని వీధుల్లో, కొత్తగా కట్టి ఇంకా మనుషులు దిగని ఇళ్ల కంచెలు శుభ్రంగా ఉండేవి. సంసారం దిగిన వారం పది రోజుల్లో అదే కంచె మీద పచ్చ దారం. అదీ ఎప్పుడూ గేటు పక్కనే, మనిషి చెయ్యి అందే ఎత్తులోనే.

ఏడ పుట్టింది? ఉస్తాద్ మొదటి ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు.

పోచమ్మ చూసింది

పోచమ్మ రోజూ కాలనీలో పాలు పోసేది. గేట్ల దగ్గర నిలబడే మనిషికి కనబడేవి వేరే ఉంటాయి. ఒకరోజు అన్నం పెడుతూ అన్నది.

"నువ్వు పరేషాన్ గాకు గని, ఒక్క మాట. సూపర్నెంటు ఇంటి పెద్దమ్మ కొత్తోళ్ల ఇంటికి బొట్టు పెట్టనీకి పోతది సూడు, పల్లెంల పసుపు, కుంకుమ, తమలపాకు ఉంటయి. ఆ ఆకుల సుట్టిపెట్టి గదే పచ్చ దారం ఉంటది."

"సక్కగ సూసినవా?"

"పాలల్ల నీళ్లు ఎన్ని కలుస్తయో సూసే కండ్లు నాయి. సూడనా?"

నేను నమ్మలేదు. మర్నాడు కొత్త సంసారం దిగింది, కాకినాడ వైపు నుంచి. ట్రంకు పెట్టెలు, గుడ్డ మూటలు, ఏడుపుముఖంతో ఉన్న చిన్న వయసు ఇల్లాలు. ఎవరూ తెలియని ఊరు. ఎదురు వీధిలో కంచె కత్తిరిస్తూ చూశాను. శేషగిరిరావు గారి భార్య సుందరమ్మ గారు పళ్లెం పట్టుకుని వచ్చారు. ఆ పిల్లకు బొట్టు పెట్టి, బుగ్గలు నిమిరి, మంచినీళ్లు ఎక్కడ పట్టుకోవాలో, కూరలవాడు ఎప్పుడొస్తాడో అన్నీ చెప్పారు. వెళ్లేటప్పుడు తమలపాకు విప్పి, పచ్చ తీగ చుట్టను గేటు పక్క కంచె మీద పెట్టారు.

"ఇది అల్లుకుంటే ఇంట్లో బంగారం అల్లుకుంటుందమ్మా. భయపడకు, మేమంతా ఉన్నాం" అన్నారు.

ఆ పిల్ల ముఖం వెలిగింది. నా చేతిలో కత్తెర ఆగిపోయింది. ఒక పక్క నేను నరుకుతూ, కాలుస్తూ వస్తున్నాను. ఇంకో పక్క ఆ తల్లి ఆశీర్వాదం పెట్టుకుంటూ వస్తున్నది. ఆమె మీద కోపం తెచ్చుకుందామన్నా రాలేదు. కోపం రాలేదన్న కోపం మాత్రం వచ్చింది.

ఆ తీగ ఎక్కడిదో కనుక్కోవడం కష్టం కాలేదు. వారి ఇంటి దొడ్లో రేగుచెట్టు ఉంది. వెనక ప్రహరీ మీదుగా దాని కొన కనబడేది, బంగారపు జలతారు వేసినట్టు. కాలనీ మొత్తంలో మా మాలీలు కాలు పెట్టని జాగా అదొక్కటే. అక్కడ సుందరమ్మ గారు మడి బట్టలు ఆరేసుకునేవారు. పనివాళ్లెవరూ దొడ్డి గుమ్మం దాటకూడదు. మేము ముందు తోట చూసి, నమస్కారం పెట్టి వచ్చేవాళ్లం. ఎన్నడూ లోపలికి తొంగి చూడలేదు. మా మర్యాదే ఆ తీగకు కంచె అయింది.

సార్‌ను మెల్లగా కదిపి చూశాను. "సార్, మీ దొడ్ల రేగుచెట్టు జర సూడాలె."

ఆయన నవ్వేశారు. "మా ఆవిడ దొడ్లోకి నన్నే రానివ్వదు, నిన్ను రానిస్తుందా? వదిలెయ్యవయ్యా."

ఎందుకు అడిగానో ఆయన అడగలేదు. అడిగితే చెప్పేవాణ్ని.

మీటింగు

ఎండలు ముదిరాయి. నరికిన రెండు వీధుల్లో మోళ్లు తప్ప ఏమీ లేదు. దుమ్ము ఇళ్లలోకి కొట్టింది. మేకలు వరండాల దాకా వచ్చాయి. పైగా నేను కాల్చింది లక్ష్మీదేవినని మాట పుట్టింది. కాలనీవాళ్లు క్లబ్బు హాల్లో మీటింగు పెట్టి నన్ను పిలిపించారు. శేషగిరిరావు గారు కుర్చీలో, సుందరమ్మ గారు ఆడవాళ్ల ముందు వరుసలో.

నేను గుమ్మంలో అడుగు పెట్టగానే లెక్కల ఆఫీసు గుమాస్తా సత్యనారాయణ లేచి నిలబడి చేతులు జోడించాడు.

"రండి రండి! కంచె చంపిన ఎల్లయ్య గారు వేంచేశారండీ!"

హాలంతా నవ్వు. పేరు అక్కడ పుట్టింది.

"మా వీధిలో మాత్రం ఒక్క కొమ్మ ముట్టుకోనివ్వం. శుక్రవారం పూట బంగారుతీగను తగలబెట్టాడండీ ఈ మహానుభావుడు!"

వెనక వరుసలోంచి ఇంకో గొంతు వచ్చింది. "మనం ఇక్కడికి రావటం ఈ ఊరివాళ్లకి ఇష్టం లేదండీ. అందుకే ఇదంతా."

అక్కడితో నవ్వు ఆగిపోయింది. అవి ఇక్కడివాళ్లు, అక్కడివాళ్లు అని మాటకు మాట పెరిగే రోజులు. కిటికీ అవతల నిలబడ్డ నర్సింహ పళ్లు నూరడం నాకు వినబడింది. మూసాపేట మాలి లేచి, కోస్తా నుంచి వచ్చిన ఆఫీసరు భార్య పేరు చెబితే ఆ హాల్లో ఇక తీగ సంగతి ఎవరికి పడుతుంది? నేను పేరు చెప్పలేదు. ప్రశ్న అడిగాను.

"అయ్యలారా, అమ్మలారా, ఒక్కటే సవాల్. ఈ తీగకు కాళ్లు లెవ్వు. బండి పోని తావుల, కొత్త ఇంటి కంచె మీదికి ఎట్ల వచ్చింది? ఎవరు ఏసిన్రు?"

ఆడవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. సుందరమ్మ గారు చీర కొంగు వేలికి చుట్టుకుంటూ తల దించుకున్నారు. శేషగిరిరావు గారు ఆమెను చూశారు, తర్వాత నన్ను చూశారు. రేగుచెట్టు మాట ఆయనకు అప్పుడు అర్థమైంది. అర్థం కావడం నా కళ్లతో నేను చూశాను.

"విచారిద్దాం" అన్నారు.

మర్నాడు నన్ను కర్మాగారం వెనక ఇనుప తుక్కు యార్డులో గడ్డి పీకడానికి పంపారు. విచారణ అదే.

మంచివాడైన ఆఫీసరు పిరికివాడైతే చెడ్డవాడికంటే ఎక్కువ నష్టం చేస్తాడు. చెడ్డవాడి దగ్గర మనం ముందే జాగ్రత్తగా ఉంటాం. ఈ మాట అప్పుడు అనుకున్నాను, ఇప్పుడూ వెనక్కు తీసుకోను.

నర్సింహ రోజూ నన్ను పోరేవాడు. "పేరు చెప్పేస్తే ఏమైతదయా! నీ నోట్ల ఏం వెట్టుకున్నవ్?"

"వాళ్ల నోట్లకెళ్లే రావాలె, నర్సింహ. నేను చెప్తే కొట్లాట అయితది. వాళ్లు చెప్తే తీగ వోతది."

తుక్కు యార్డుకు వచ్చినవారు

వాన పడింది.

నరికిన రెండు వీధులూ లేచాయి. లేవడమంటే మామూలుగా కాదు. ఒక్కో మోడుకు గుత్తులు గుత్తులుగా చిగుళ్లు, దసరా నాటికి పాత కంచెకంటే దట్టంగా, ఆకు మీద ఆకు, పిల్లి దూరే సందు లేదు. నన్ను ఎవరూ అక్కడికి పంపలేదు, అయినా డ్యూటీకి పోయే ముందు ఆ వీధుల గుండానే నడిచేవాణ్ని. వాన తర్వాత మట్టిలోంచి పాత గింజలు మొలుస్తాయి. వెంట్రుకంత సన్నని పచ్చ పోగు లేచి, పట్టుకోవడానికి కొమ్మ కోసం గాలిలో తడుముకుంటుంది. కొమ్మ దొరకకముందే గీరేయాలి. దొరికితే కథ మళ్లీ మొదటికి వస్తుంది. రోడ్డు మీద వంగి గీరుతుంటే కొందరు కిటికీల్లోంచి చూసి తలుపు వేసుకునేవారు.

నరకనివ్వని సత్యనారాయణ వీధి సంగతి వేరే చెప్పాలా? వానకు తీగ బలిసింది. కంచె పైన మొత్తం బంగారమే, కింద ఆకు లేదు. తర్వాత కొమ్మలు గోధుమ రంగుకు తిరిగాయి, చేత్తో పట్టుకుంటే పుటుక్కున విరిగాయి. తాగడానికి రసం లేక తీగ పక్కింటి కంచె మీదికి పాకింది. మేకలు ఇప్పుడు ఆయన వరండాలో పడుకుంటున్నాయని పోచమ్మ చెప్పింది. చెప్పేటప్పుడు ఆమె ముఖంలో ఉన్న సంతోషం నేను మా పెళ్లినాడు కూడా చూడలేదు.

ఒక మధ్యాహ్నం సత్యనారాయణ తుక్కు యార్డుకు వచ్చాడు. తుప్పు పట్టిన పైపుల మధ్య ధోవతి ఎత్తిపట్టుకుని నడుస్తూ వచ్చాడు.

"ఎల్లయ్య గారూ..."

ఈసారి 'గారు'లో వెటకారం లేదు.

"ఏందయ్యా, ఇంత దూరమొచ్చినవ్?"

"మా కంచె చచ్చిపోయిందండీ."

"అరె! నేను ఈడనే ఉన్న గద. మరి ఎవరు సంపిన్రు?"

ఆయన నేల చూశాడు. నేను తొందరపడలేదు. చేతిలోని గడ్డి దుబ్బు మట్టి దులిపి కుప్ప మీద వేశాను. ఆ నేలచూపు ఎన్నో నెలలుగా నాకు బాకీ.

"ఆ పాత గొడవెందుకండీ. మీరొచ్చి నరికెయ్యండి. మొదలంటా నరికెయ్యండి. మా వీధంతా ఒప్పుకున్నారు."

"నరుకుత. కాని క్లబ్బు హాల్ల నేను అడిగిన సవాల్‌కు జవాబ్ రాలే. అది రాకుంట నరికితే ఫాయిదా లేదు. తల్లి తీగ ఉన్నన్ని దినాలు పిల్ల తీగలు వస్తనే ఉంటయి. సలికాలంల పూత పూసి గింజ పడ్డదా, ఇగ మీ మనుమల దాకా పీకాలె."

"ఎవరు చెప్పాలండీ జవాబు?"

"ఏసినోళ్లు."

పట్టుదల కోసం అనలేదు. పని తెలిసి అన్నాను. చలికాలం దగ్గరపడుతున్నది. రేగుచెట్టు మీద ఆ పూత విచ్చితే నేను రెండు వీధుల్లో చేసిందంతా మట్టిపాలు, నా మీద పడిన పేరు శాశ్వతం.

సత్యనారాయణ వెళ్లి ఎవరికి ఏం చెప్పాడో నాకు తెలియదు. సుందరమ్మ గారి చేత బొట్టు పెట్టించుకున్నవారిలో ఆయన భార్య మొదటిది. ఆ ఇంట్లో ఆ సాయంత్రం ఏవో మాటలు జరిగే ఉంటాయి.

రెండు రోజులకు శేషగిరిరావు గారే వచ్చారు. పైపుల కుప్ప పక్కన నిలబడి చాలాసేపు చుట్టూ చూశారు, ఈ చోటికి నన్ను పంపింది తానేనని అప్పుడే గుర్తుకు వచ్చినట్టు.

"ఇంటికి రావయ్యా. మా ఆవిడ పిలుస్తోంది."

"ముందల గేటుకా సార్?"

"కాదు" అన్నారు. "దొడ్డి గుమ్మానికి."

దొడ్డి

ముందే చెప్పేస్తున్నాను. ఆ తర్వాత నా పని నాకు వచ్చింది. సత్యనారాయణ వీధి, మిగతా వీధులూ నరికాం, కాల్చాం, ఏటా వానలకు పోగులు గీరాం. కొన్నేళ్లకు గీరడానికి కూడా ఏమీ దొరకలేదు. నేను దిగిపోయేనాటికి ఆ కాలనీలో బంగారుతీగ అంటే ఏమిటో చూపిద్దామన్నా ఒక్క పోగు లేదు. నా పని జీవితంలో నేను గెలిచిన పెద్ద గెలుపు అదే. కొత్తవాళ్లకు నేను చెప్పగలిగింది కూడా అదే: కత్తికి ముందు ఆ మూడు ప్రశ్నలు. మొదటి దానికి జవాబు ఏ గుమ్మం అవతల ఉన్నా సరే, ఎంత మర్యాదస్తుల గుమ్మమైనా సరే, అక్కడి దాకా అడగండి. గొంతు పెంచి కాదు, మానకుండా అడగండి.

ఇక ఆ రోజు.

దొడ్డి తలుపు తీసే ఉంది. నేను కొడవలి పట్టుకుని గడప ఇవతలే ఆగాను, అలవాటు. లోపల ఆడవాళ్లు చాలామంది నిలబడి ఉన్నారు. సత్యనారాయణ భార్య ఉంది, కాకినాడ నుంచి వచ్చిన ఆ చిన్న ఇల్లాలు ఉంది. ఆమె ఇప్పుడు ఏడుపుముఖంతో లేదు. దండేల మీద మడి బట్టలు లేవు. చెట్టుకు నిచ్చెన వేసి ఉంది.

రేగుచెట్టును మొదటిసారి పూర్తిగా చూశాను. పైన ఎండకు ధగధగలాడుతున్న బంగారం. కింద చూస్తే సగం కొమ్మలు ఎండు. ఆకు గుప్పెడు లేదు. తీగ కణుపుల దగ్గర తెల్లటి మొగ్గలు గుంపులు కట్టాయి, విచ్చలేదు.

సుందరమ్మ గారు చెట్టు మొదట్లో నిలబడ్డారు. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"మేం ఈ ఊరొచ్చిన ఏడాది ఇది దానంతటదే వచ్చింది ఎల్లయ్యా. నాకప్పుడిక్కడ మాట్లాడే మనిషి లేదు. పొద్దున లేచి చూస్తే చెట్టు మీద బంగారం. రమ్మని పిలిచినట్టనిపించింది. నాలాగా వచ్చిన ప్రతి పిల్లకీ ఆ పిలుపు ఇద్దామనుకున్నాను. చెట్టుకి రెండేళ్లుగా కాయ లేదు. ఎందుకో తట్టలేదు."

నేను గడప ఇవతల నుంచే కొమ్మను చూపించాను. "తాగేస్తున్నదమ్మా. మొగ్గ విచ్చలే, ఇంక టైమున్నది. ఈ పెద్ద కొమ్మలు పోతయి గని చెట్టు సావది. రేగు మొండిది."

శేషగిరిరావు గారు వెనక ఎక్కడో నిలబడ్డారు. ఆయన వైపు నేను తిరగలేదు. అడగాల్సింది ఇంకా ఉంది. అందరి ముందూ అడిగింది, అందరి ముందూ జవాబు రావాలి. గొంతు పెంచలేదు. క్లబ్బు హాల్లో అడిగిన మాటే అడిగాను.

"అమ్మా, కొత్త ఇండ్ల మీదికి ఈ తీగ ఎట్ల వచ్చింది? ఎవరు ఏసిన్రు?"

సుందరమ్మ గారు కొంగు బొడ్లో దోపుకున్నారు. నా కొడవలి వైపు, నేను దాటని గడప వైపు చూసి, అందరికీ వినబడేలా అన్నారు.

"వేసింది నేనే ఎల్లయ్యా. ఇంటింటికీ ఈ చేత్తోనే వేశాను. కంచెను చంపింది నువ్వు కాదు. లోపలికి రా, కొమ్మ నేను పట్టుకుంటాను, నువ్వు నరుకు."